ముళ్ల రోలరు మొహం మీద వాడొచ్చా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది కడప. నాకు 41 ఏళ్లు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పెళ్లిళ్ల సీజన్ వస్తే రాత్రి పన్నెండు దాకా మిషను మీదే ఉంటాను. అయిదారు నెలలుగా కుడి దవడ, చెంప, అక్కడినుంచి మెడ దాకా లాగుతున్నట్టు నొప్పి. పొద్దున లేచేసరికి నోరు బిగుసుకుపోయి ఉంటుంది. దాదాపు రోజూ ఒక నొప్పి బిళ్ల వేసుకుంటున్నాను. ఈమధ్య ఎగ్జిబిషన్‌లో మొహానికి తిప్పుకునే ముళ్ల రోలరు కొన్నాను. ఎర్రగా అయ్యేదాకా గట్టిగా నొక్కి తిప్పాలనీ, నొప్పి, మంగు, ముడతలు అన్నీ పోతాయనీ అమ్మినాయన చెప్పాడు. తిప్పితే గంటసేపు హాయిగానే ఉంటుంది, తర్వాత మళ్లీ మామూలే. మా పాపకు 16 ఏళ్లు, మొటిమలు పోతాయని అదీ వాడుతోంది. మా అత్తకు 66. షుగర్ ఉంది, గుండెకని రక్తం పలచబడే బిళ్లలు వేసుకుంటుంది. ఈ నెలలోనే ఎడమ కణత దగ్గర నొప్పి మొదలైందని ఆమె కూడా దాన్నే తిప్పుకుంటోంది. దువ్వెన తగిలినా నొప్పంటోంది. ఈ రోలరు మంచిదేనా? వాడుకోమంటారా, పారేయమంటారా?
— ఒక సోదరి, కడప

సమాధానం: అమ్మా, మీరు అడిగింది మీ దవడ గురించి. కానీ ఉత్తరం చివర్లో మీ అత్తగారి గురించి రాసిన రెండు మాటలు నన్ను ఎక్కువ కంగారు పెట్టాయి. అందుకే ముందు ఆమె సంగతి చెప్తాను.

అరవై ఆరేళ్ల మనిషికి ఇంతకుముందు లేని తలనొప్పి కొత్తగా, ఒక కణత దగ్గర మొదలై, దువ్వెన తగిలినా నొప్పి అంటున్నారంటే దాన్ని రోలరుతో తగ్గించుకునే నొప్పి కింద లెక్కేయకూడదు. యాభై దాటినవాళ్లలో కణత దగ్గరి రక్తనాళం వాచే జబ్బు ఒకటుంది. మన దగ్గర అరుదే, కాని వచ్చినప్పుడు అశ్రద్ధ చేస్తే కంటిచూపు పోతుంది. ఒకసారి పోయిన చూపు సాధారణంగా తిరిగి రాదు. అన్నం నములుతున్నప్పుడు దవడ అలసిపోయినట్టు నొప్పి పుట్టి, నమలడం ఆపితే తగ్గుతోందా? కన్ను మసక వేస్తోందా, ఒకటి రెండుగా కనిపిస్తోందా? జ్వరం, నీరసం, బరువు తగ్గడం ఉన్నాయా? ఈ మూడూ అడగండి. కన్ను మసకగా ఉందంటే రేపటిదాకా ఆగొద్దు, ఇవాళే రిమ్స్ క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. అదేమీ లేకపోయినా ఒకటి రెండు రోజుల్లో పెద్ద డాక్టరుకు చూపించండి. ఈఎస్ఆర్, సీఆర్పీ అనే మామూలు రక్తపరీక్షలతో మొదలుపెడతారు. ఆ జబ్బే అని అనుమానం ఉంటే వెంటనే స్టెరాయిడ్ బిళ్లలు మొదలుపెట్టి చూపు కాపాడతారు. షుగర్ ఉందని తప్పకుండా చెప్పండి, ఆ బిళ్లలతో షుగర్ పెరుగుతుంది కాబట్టి దాన్నీ చూసుకుంటూ ఇస్తారు. పరీక్షల్లో ఏమీ లేదని తేలితే మంచిదే, నిశ్చింతగా ఉండొచ్చు.

అప్పటిదాకా ఆమె కణత మీద రోలరు తిప్పడం మానిపించండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు కాస్త గట్టిగా నొక్కినా చర్మం కింద రక్తం చేరి కమిలిపోతుంది. పైగా షుగర్ ఉన్నవాళ్లకు చిన్న గీత పడినా చీము పట్టే ప్రమాదం ఎక్కువ. ఇంకో మాట కూడా చెప్పాలి. రోలరు వాడాలని గుండె బిళ్లలు ఆపకండి. మీరు వేసుకునే నొప్పి బిళ్ల ఆమెకు ఇవ్వకండి. రక్తం పలచబడే మందుతో అది కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు.

ఇక మీ విషయానికి వద్దాం. మీరు రాసిన లక్షణాలు చూస్తే నాకు మొదట తోచేది దవడ కండరాలు బిగుసుకోవడం. పొద్దున లేవగానే నోరు పట్టేయడం దానికి పెద్ద గుర్తు. నిద్రలో పండ్లు గట్టిగా బిగించేవాళ్లకూ, నూరేవాళ్లకూ ఇలాగే ఉంటుంది. మీ ఇంట్లోవాళ్లను అడగండి, రాత్రిపూట పండ్లు కొరుకుతున్న చప్పుడు వస్తోందా అని. చప్పుడు రాకుండా బిగించేవాళ్లూ ఉంటారు. నేను ఫిజియోథెరపీ చేసేదాన్ని కాబట్టి కుట్టుపని చేసే ఆడవాళ్లను చాలామందిని చూశాను. దారం కత్తెరతో కాకుండా పండ్లతో తెంపుతారు, గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుంటారు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టి దవడ కూడా బిగిస్తారు. తాము అలా చేస్తున్నామని వాళ్లకే తెలియదు. అర్జెంటు ఆర్డరుందని టెన్షన్ పడుతుంటే ఆ బిగింపు ఇంకా ఎక్కువవుతుంది. మీ కుడి చెయ్యి మీద పడే భారం, మిషను మీదికి వంగిన మెడ కూడా దీనికి తోడవుతాయి.

ఒకసారి అరచేతులు రెండు చెంపల మీద, దవడ మూల దగ్గర పెట్టుకొని పండ్లు గట్టిగా కరవండి. చేతుల కింద గట్టిగా ఉబ్బే కండ ఉంటుంది చూడండి, మన శరీరంలో బలమైన కండల్లో అది ఒకటి. అలాగే కణతల మీద వేళ్లు పెట్టి కరిస్తే అక్కడ కూడా ఇంకో కండ కదులుతుంది. నొప్పి కుడి పక్క ఆ కండల దగ్గరే ఉండి, వేలితో నొక్కితే 'అదే నొప్పి' అనిపిస్తే మనం అనుకున్నదే అయ్యే అవకాశం ఎక్కువ. ఇప్పుడు నోరు తెరిచి మీ మూడు వేళ్లు నిలువుగా, ఒకదాని మీద ఒకటి పెట్టి పండ్ల మధ్య పట్టుతున్నాయేమో చూడండి. మామూలుగా మూడు వేళ్లు పట్టాలి. పట్టకపోయినా, నోరు తెరుస్తుంటే దవడ ఒక పక్కకు జరుగుతున్నా, చెవి ముందర టకటకమని శబ్దంతో పాటు నొప్పి ఉన్నా పండ్ల డాక్టరుకు చూపించాలి. వక్కాకు, గుట్కా అలవాటు ఉన్నవాళ్లకు నోరు సరిగా తెరుచుకోకపోవడానికి వేరే కారణం ఉంటుంది, నోటి లోపలి పొర గట్టిపడటం. ఆ అలవాటుంటే ఇది దవడ కండ నొప్పిలే అని ఊరుకోవద్దు.

రోలరు తిప్పితే గంటసేపు హాయిగా ఉంటోందన్నారు, అది అబద్ధం కాదు. మోకాలికి ఏదన్నా తగిలితే మనం చేత్తో రుద్దుకుంటాం కదా, నొప్పి కాస్త తగ్గుతుంది. స్పర్శను, ఒత్తిడిని మోసుకెళ్లే నరాల తంతులు నొప్పిని మోసే తంతుల కంటే లావుగా ఉంటాయి, వాటి సంకేతం వేగంగా వెళ్తుంది. ఆ సంకేతాలు ఎక్కువగా చేరినప్పుడు నొప్పి సంకేతాలు కొంత అణుగుతాయి. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో ఈ సిద్ధాంతం చెప్పారు. తర్వాత దాంట్లో మార్పులు చేర్పులు చాలా జరిగాయి గానీ అసలు ఆలోచన నిలబడింది. మొహానికి స్పర్శ ఇచ్చే ముఖ్యమైన నరం మూడు కొమ్మలుగా చీలి ఉంటుంది: నుదురు, కళ్ల వైపు ఒకటి, చెంప, పైదవడకు ఒకటి, కింది దవడకు ఒకటి. మీరు రోలరు తిప్పినప్పుడు కదిలేది ఆ నరం కొసలే. నొప్పికి కారణమైన బిగింపు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే గంట తర్వాత మళ్లీ మొదలవుతోంది.

మొహం ఎర్రబడటం కూడా అంతే. చర్మానికి ఒత్తిడి, గీత తగిలితే అక్కడి చిన్న రక్తనాళాలు విచ్చుకుంటాయి, ఎర్రబడుతుంది. చెడురక్తం బయటికి వస్తోందనీ, ఎంత ఎర్రబడితే అంత మంచిదనీ చెప్పే మాటలు నమ్మొద్దు. నొప్పి పుట్టేదాకా నొక్కితే బాగా పనిచేస్తుందన్నది మరీ తప్పు. బిగుసుకున్న కండను నొప్పి పెడితే అది ఇంకా బిగుసుకుంటుంది.

ఈ పనిముట్లు రకరకాలుగా వస్తాయి. సోవియట్ రోజుల్లో కుజ్నెత్సోవ్ పేరుతో వచ్చిన ప్లాస్టిక్ ముళ్ల చాప, ఆ తర్వాత ఉక్రెయిన్‌కు చెందిన ల్యాప్కో పేరుతో వచ్చిన లోహపు సూదుల చాపలు, రోలర్లు ఇప్పుడు ఇక్కడిదాకా వచ్చాయి. ల్యాప్కో రకంలో రాగి, జింకు, నికెల్ లాంటి వేర్వేరు లోహాల సూదులుంటాయి. మీది లోహపు మొనలదైతే ఒకటి ఆలోచించండి. గిల్టు కమ్మలు పెట్టుకుంటే మీ చెవులు దురద పుట్టి నీరు కారుతాయా? అలాగైతే మీకు నికెల్ పడదు, ఆ రోలరు మొహానికి తగలనివ్వకండి. బ్యూటీ పార్లర్లలో వాడే డెర్మా రోలరు వేరు. దాని సూదులు చర్మంలోకి దిగుతాయి. దాన్ని ఇంట్లో వాడనే వద్దు. మీ దగ్గరున్నది ఏదో తెలుసుకోవడానికి మోచేతి లోపలి వైపు మెల్లగా తిప్పి చూడండి. గుచ్చుకొని రక్తపు చుక్కలు కనిపించినా, గీతలు పడినా అది మొహానికి పనికిరాదు. కాళ్ల కింద వేసి తొక్కే మొద్దు ముళ్ల రోలర్లు కూడా మొహానికి వద్దు, అరికాలి చర్మానికీ చెంప చర్మానికీ పోలికే లేదు.

మొనలు మొద్దుగా ఉండి, చర్మం కోసుకోకపోతే మీ దవడ కండకు వాడుకోవచ్చు, పారేయక్కర్లేదు. ముందు ఒక చిన్న టవలును వేడినీళ్లలో ముంచి, బాగా పిండి, చెంపకు కాలకుండా చూసుకొని పది పదిహేను నిమిషాలు పెట్టండి. నిజం చెప్పాలంటే సగం పని ఈ కాపడమే చేస్తుంది. తర్వాత నోరు వదులుగా, పండ్లు తాకకుండా ఉంచి, దవడ మూల దగ్గరి ఆ కండ మీద రోలరును దాని బరువుతోనే నడిపించండి. చేత్తో నొక్కకండి. ఒక్కో పక్క ఒకటి రెండు నిమిషాలు చాలు. వచ్చిన ఎరుపు అరగంటలో పోవాలి. పోకపోతే గట్టిగా తిప్పారని అర్థం. రోజుకొకసారి, రాత్రి పడుకునే ముందు చేస్తే నిద్రలో బిగింపు కాస్త తగ్గొచ్చు. మెడ వెనక, భుజాల మీద కండలకు కూడా ఇలాగే వాడొచ్చు. కాని మెడ ముందర, పక్కల నాడి కొట్టుకునే చోట రోలరు గానీ వేలు గానీ పెట్టి నొక్కొద్దు. అక్కడ నొక్కితే గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరగొచ్చు. కనురెప్పలు, కంటి కింద పలుచని చర్మం, పుట్టుమచ్చలు, పులిపిర్లు, పుండ్లు, త్రెడింగ్ చేయించుకున్న చోటు, ఇవన్నీ వదిలేయండి.

రోలరు కంటే నా లెక్కలో మీకు ఎక్కువ పనికొచ్చేది ఒక చిన్న అలవాటు. పై పండ్లు, కింది పండ్లు తాకాల్సింది నమిలేటప్పుడు, మింగేటప్పుడే. మిగతా సమయమంతా పెదాలు కలిసి, పండ్లు విడిగా ఉండాలి, నాలుక కొన పై పండ్ల వెనక మెత్తగా ఆని ఉండాలి. మిషను మీద ఎదురుగా ఒక ఎర్ర బొట్టుబిళ్ల అతికించుకోండి. అది కంటపడినప్పుడల్లా పండ్లు తాకుతున్నాయా అని చూసుకొని వదులు చేయండి. కత్తెర మెడలో వేసుకోండి, దారం పండ్లతో తెంపొద్దు. గుండుసూదులకు చిన్న దిండు పెట్టుకోండి. అరగంటకోసారి లేచి భుజాలు వెనక్కి తిప్పండి. మిషను బల్ల తక్కువ ఎత్తులో ఉంటే దాని కింద చెక్కలు పెట్టించండి, వెలుతురు సరిగా లేకపోతే బట్ట మీదికి వంగిపోతారు కాబట్టి మంచి లైటు పెట్టుకోండి. రెండు మూడు వారాలు సంగటి, పప్పు, ఉగ్గాని లాంటి మెత్తనివే తినండి. ఎండిన జొన్నరొట్టె, మురుకులు, వేయించిన చెనిగ్గింజలు కొంతకాలం పక్కన పెట్టండి. ఆవలింత వస్తే గదవ కింద చెయ్యి ఆనించండి, నోరు మరీ పెద్దగా తెరుచుకోకుండా ఉంటుంది.

మీరు రోజూ వేసుకునే బిళ్ల గురించి కూడా చెప్పాలి. తలనొప్పి, మొహం నొప్పి ఉన్నవాళ్లు మామూలు నొప్పి బిళ్లలు నెలకు 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడుతూ పోతే ఆ బిళ్లలే రోజువారీ తలనొప్పిని తెచ్చిపెట్టొచ్చు. రెండు మూడు మందులు కలిపిన బిళ్లలైతే నెలకు 10 రోజులు వాడినా ఆ ఇబ్బంది రావచ్చు. డైక్లోఫెనాక్ లాంటివైతే కడుపులో పుండ్లు, కిడ్నీల మీద భారం అదనం. మన కడప ఎండల్లో నీళ్లు తక్కువ తాగి, మిషను మీద కూర్చొని, పైన ఆ బిళ్ల వేసుకుంటే కిడ్నీలకు ఇంకా కష్టం. మందుల షాపులో మీరు కొంటున్న బిళ్ల అట్ట దాచి డాక్టరుకు చూపించండి. ఒక్కసారిగా మానేస్తే కొన్నాళ్లు నొప్పి పెరిగినట్టు అనిపిస్తుంది, అందుకే ఆయన చెప్పినట్టు తగ్గించుకోండి.

మొహం నొప్పులన్నీ కండల నొప్పులు కావు. మీకు వచ్చేది లాగుతున్నట్టు ఉండే నొప్పి కాబట్టి నేను ఇంత ధైర్యంగా చెప్తున్నాను. కరెంటు షాక్ కొట్టినట్టు సెకన్లపాటు వచ్చి పోయే నొప్పి అయితే, మొహం కడిగినా, బ్రష్ చేసినా, ఫ్యాన్ గాలి తగిలినా వస్తుంటే అది నేను పైన చెప్పిన నరం నొప్పి. దాని మీద రోలరు తిప్పితే షాకు మళ్లీ మళ్లీ వస్తుంది. పిప్పిపన్ను అనుకొని మంచి పండ్లు తీయించుకున్నవాళ్లు కూడా ఉన్నారు, నొప్పి మాత్రం పోదు. దానికి కార్బమజిపైన్ అనే మందు బాగా పనిచేస్తుంది, కాని రక్తపరీక్షలు చూసుకుంటూ నరాల డాక్టరే ఇవ్వాలి. ఒకపక్క మంట పుట్టి రెండు మూడు రోజులకు నీటి పొక్కులు వస్తే అది సర్పి, మూడు రోజుల లోపే మందు మొదలుపెట్టించాలి. కంటి దగ్గర పొక్కులొస్తే ఇంకా తొందర. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు దవడ నొప్పి వచ్చి, చెమటలు పట్టి, ఆయాసం వస్తే గుండెది కావచ్చు. మూతి ఒక పక్కకు వంకరపోయినా అంతే, రోలరు పట్టుకోకుండా 108కి ఫోన్ చేయండి.

పాప విషయంలో నా మాట ఒక్కటే, రోలరు మాన్పించండి. మొటిమల మీద ముళ్లు తిప్పితే అవి పగిలి వాపు పెరుగుతుంది, మన చర్మానికి నల్లమచ్చలు పడి నెలల తరబడి పోవు. ఉన్నవి చిన్న చదును పులిపిర్లు అయితే గీసిన గీత పొడవునా కొత్తవి పుడతాయి. 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్‌తో మామూలు మొటిమలు చాలావరకు అదుపులోకి వస్తాయి. మొదట్లో కాస్త పొడిబారుతుంది, రాత్రి పలుచగా రాస్తే చాలు, బట్టలకు తగిలితే రంగు పోతుంది జాగ్రత్త. గడ్డల్లాంటి మొటిమలుంటే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబడే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, అవి వద్దే వద్దు. పదహారేళ్ల పిల్ల మొహం గురించి ఎంత బాధపడుతుందో నాకు తెలుసు, ఊరికే వద్దని కసరకుండా డాక్టరుకు చూపిస్తానని చెప్పండి.

మీ మంగుకు కూడా రోలరు పనికిరాదు. రాపిడి, ఎండ, వేడి మంగును పెంచుతాయి. బయటికి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ రాసుకోండి, కొంగు కప్పుకోండి. ముడతలు పోతాయన్న మాటకు గట్టి ఆధారం లేదు. ఇలాంటి రోలర్లను ఆక్యుప్రెషర్, అంటే ఒంట్లో కొన్ని చోట్ల నొక్కి చేసే వైద్యం, పేరుతో అమ్ముతారు. అందులో అంతా వట్టిదని నేననను. మణికట్టు లోపల నొక్కే చోటు వాంతి వికారాన్ని కొంత తగ్గిస్తుందని పరీక్షలు చేసి చూపించారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండను నొక్కడం తలనొప్పికి, మొహం నొప్పికి సంప్రదాయంగా వాడతారు, గర్భిణులు మాత్రం దాన్ని నొక్కొద్దంటారు. మీరు ఖాళీగా ఉన్నప్పుడు అది చేసి చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు, మొహానికి గాయమూ కాదు.

ఇప్పటిదాకా ముగ్గురూ ఒకటే రోలరు వాడారు, అది ఇవాళ్టితో ఆగాలి. కంటికి కనిపించని గీతల నుంచి కూడా రక్తం అంటుతుంది. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో బయట ఏడు రోజుల వరకు బతకగలదు. రోలరు మీ ఒక్కరికే ఉంచుకోండి. వాడిన ప్రతిసారీ సబ్బునీళ్లలో పాత బ్రష్‌తో ముళ్ల మధ్య రుద్ది కడిగి, ఆరాక సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి పొడిగా పెట్టండి. కొయ్య రోలరైతే సరిగా శుభ్రం కాదు. తుప్పు కనిపించినా, ఒక మొన విరిగినా చెత్తబుట్టలో వేసేయండి.

ఇవన్నీ మూడు వారాలు చేసి చూడండి. తగ్గకపోతే, లేదా మూడు వేళ్లు పట్టకపోతే కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఓపీకి వెళ్లండి. నోరు తెరిచి చూసి పండ్లు అరిగాయా, జాయింటు సమస్యా అన్నది చెప్తారు. రాత్రి పండ్ల మధ్య పెట్టుకునే నైట్‌గార్డ్ అవసరమైతే కొలత తీసి చేయిస్తారు. బజారులో రెడీమేడ్‌గా దొరికేవి కొనొద్దు, కరుపు కుదరకపోతే దవడ ఇంకా నొప్పెడుతుంది. వెళ్లేటప్పుడు బిళ్ల అట్టతో పాటు రోలరు కూడా తీసుకెళ్లి చూపించండి. అత్తగారిని మాత్రం నేను చెప్పినట్టు ఒకటి రెండు రోజుల్లోనే చూపించి, డాక్టరు ఏమన్నారో నాకు రాయండి.